పన్నెండున్నరకు పొయ్యి వెలిగించే పని లేకుండా: ఒంటిపూట బడుల రోజుల్లో ఇంటి వంట

మార్చి సగానికి రాగానే మా ఇంట్లో పొద్దుపొడుపు లెక్క మారిపోతుంది. ఒంటిపూట బడులు మొదలవుతాయి. తెలంగాణలో మామూలుగా మార్చి 15 ప్రాంతంలో మొదలై, ఏప్రిల్ నాలుగో వారంలో వేసవి సెలవులు ఇచ్చేదాకా సర్కారు బడులు పొద్దున 8 నుంచి 12.30 దాకానే నడుస్తాయి. ప్రైవేటు బడులు కాస్త అటూ ఇటూ. పిల్లలు ఏడున్నరకే గడప దాటుతారు, ఒంటిగంట కాకముందే ఎండకు మొహాలు కందిపోయి, కడుపులు మాడిపోయి వచ్చేస్తారు.

మిగతా ఏడాదంతా మధ్యాహ్నం ఎవరి డబ్బా వాళ్లది. పిల్లలు డబ్బాలో ఎంత తిన్నారో, ఎంత పక్కవాళ్లకు పెట్టారో, ఎంత చెత్తబుట్టలో వేశారో మనకు తెలియదు. ఈ నెలన్నర మాత్రం బడి ఉన్న రోజున కూడా మధ్యాహ్నం కంచం ముందు ఇంట్లో కూర్చుంటారు. అది నాకు చాలా విలువైన సమయం. అందుకే దాన్ని వంటగదిలో చెమటలు కక్కుతూ పోగొట్టుకోకుండా ఎలా దక్కించుకోవాలో రాస్తున్నాను.

మొదటి ఏడు నేను చేసిన పొరపాటు ముందు చెప్తాను. పిల్లలు వచ్చే వేళకు వేడివేడిగా ఉండాలని పదకొండున్నరకు పొయ్యి ముట్టించేదాన్ని. మాది పై అంతస్తు, నెత్తిన స్లాబు. ఫ్యాను వేస్తే మంట ఆరిపోతుంది, ఆపితే నిలబడలేం. పిల్లలు రాగానే ఆకలికి ఆగలేక బిస్కెట్ పొట్లం విప్పేవారు. అన్నం వడ్డించే సరికి ఆకలి చచ్చేది. నాకేమో మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. ముగ్గురం మూడు గదుల్లో తినేవాళ్లం.

అప్పటి నుంచి ఒకటే పద్ధతి పెట్టుకున్నాను. పొద్దున ఎనిమిది లోపు పొయ్యి ఆరిపోవాలి. మధ్యాహ్నానికి మళ్లీ వేడి చేయకపోయినా రుచిగా ఉండేవే వండాలి. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే పన్నెండేళ్ల పిల్ల అయినా పొయ్యి దగ్గరికి పోనవసరం లేకుండా అన్నం పెట్టుకుని తినగలుగుతుంది.

ముందు రోజు సాయంత్రం: కూరగాయలు, పిల్లల చేతులు

వారానికి ఒకసారి రైతుబజారుకు వెళ్లండి. మెహిదీపట్నం, ఎర్రగడ్డ, సరూర్‌నగర్, కూకట్‌పల్లి, ఏది దగ్గరైతే అది. సికింద్రాబాద్ వైపు వాళ్లకు మోండా మార్కెట్ ఉండనే ఉంది. మీ బస్తీలో వారానికోసారి అంగడి జరిగితే అదీ మంచిదే. ఈ రోజుల్లో తప్పక చూడాల్సినవి రెండు: పచ్చి మామిడికాయ, చింతచిగురు.

మామిడికాయ అడిగేటప్పుడు దేనికో కూడా చెప్పండి. పప్పుకు, పులిహోరకు పుల్లటి నాటు కాయ కావాలి. పొడుగ్గా, కొస కొంచెం వంపు తిరిగి ఉండే కలెక్టర్ కాయలో పులుపు తక్కువ. ఉప్పూ కారం అద్దుకుని తినడానికి అదే బాగుంటుంది, పులిహోరకు చప్పబడిపోతుంది. కాయ గట్టిగా, తొడిమ దగ్గర సొన ఎండిపోకుండా ఉంటే తాజాది. ఇంటికి రాగానే తొడిమ కోసి పావుగంట నీళ్లలో వేయండి. సొన చర్మానికి తగిలితే మంట పుడుతుంది, కొందరు పిల్లలకు మూతి చుట్టూ పొక్కులు కూడా వస్తాయి.

చింతచిగురు లేతగా ఉన్న రోజున ధర చూసి వెనక్కి తగ్గకండి. ఒక వందో నూట యాభై గ్రాములో తీసుకుంటే నలుగురికి ఒక పూట పప్పుకు సరిపోతుంది. దీన్ని బాగుచేయడం పిల్లల పని. మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక చేటలో పోస్తాం. చిగురును రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా నలిపితే ఆకు రాలి చేటలో పడుతుంది, ఈనెలు చేతిలో మిగులుతాయి. చిన్నోడు ఈనెలు ఏరతాడు, పెద్దమ్మాయి నలుపుతుంది, అత్తమ్మ చివర్లో ఒక్కసారి చెరిగి మిగతా పుల్లలు ఎగరగొడుతుంది. అరగంట పని. ఆ అరగంటలో బడిలో ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో మొత్తం బయటికొస్తుంది. అడిగితే ఒక్క మాట చెప్పని పిల్లలు చేతిలో పని ఉంటే అన్నీ చెప్తారు.

పడుకునే ముందు ఇంకో మూడు పనులు. కందిపప్పు కొలిచి గిన్నెలో పెట్టుకోవడం, వెల్లుల్లి ఒలుచుకోవడం, మామిడికాయ చెక్కు తీసి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచడం. చెక్కు తీసే పని పీలర్ ఇచ్చి పదేళ్లు దాటిన పిల్లలకు అప్పగించవచ్చు.

పొద్దున: ఏది ముందు, ఏది వెనుక

నేను అయిదుంపావుకు లేస్తాను. లేవగానే కందిపప్పు కడిగి నానబెడతాను, బియ్యం కూడా. ఆ తర్వాతే టీ. ఇరవై నిమిషాలు నానితే పప్పు మెత్తగా ఉడుకుతుంది, గ్యాసూ మిగులుతుంది. పిల్లల టిఫిన్ అయ్యేలోపు ఒక పొయ్యి మీద పప్పు కుక్కర్ ఎక్కిపోవాలి. అన్నం మాత్రం అన్నిటికంటే చివర. ఎలక్ట్రిక్ కుక్కర్ ఉంటే అన్నాన్ని అందులోనే వేడిగా ఉంచండి. లేకపోతే హాట్‌ప్యాక్‌లో ముందు మరిగే నీళ్లు పోసి అయిదు నిమిషాలు ఉంచి, పారబోసి, తుడిచి, పొగలు కక్కే అన్నం వేసి మూత బిగించండి. పప్పుకు ఇంకో చిన్న హాట్‌ప్యాక్, అదే పద్ధతి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో హైదరాబాద్ వంటింట్లో గోరువెచ్చగా వదిలేసిన అన్నం, పప్పు అయిదు గంటలు ఆగవు. వేడి అన్నా ఉండాలి, లేదా చల్లారగానే ఫ్రిజ్‌లోకన్నా పోవాలి. నడిమధ్య స్థితిలోనే సూక్ష్మక్రిములు పెరుగుతాయి. కొబ్బరి వేసిన పచ్చళ్లు, కూరలు ఈ రోజుల్లో పొద్దున చేసి మధ్యాహ్నానికి బయట ఉంచకండి. ఉల్లిపాయ ముక్కలు కూడా తినే ముందే కోసుకోవాలి.

మామిడికాయ పప్పు

ఇది వారానికి రెండుసార్లు చేస్తాను, ఎవరికీ విసుగు రాదు. నలుగురికి 150 గ్రాముల కందిపప్పు, నడిరకం మామిడికాయ ఒకటి, అయిదారు పచ్చిమిర్చి, పావు చెంచా పసుపు.

పప్పును మూడింతల నీళ్లు, పసుపు, ఒక చుక్క నూనె వేసి నాలుగు విజిల్స్ రానివ్వండి. మామిడికాయను పప్పుతో కలిపి మాత్రం ఉడికించకండి. పులుపు తగిలితే పప్పుగింజ మెత్తబడదు, బిరుసెక్కి పలుకులు పలుకులుగా మిగిలిపోతుంది. కొత్తగా వంట మొదలుపెట్టిన వాళ్లు ‘పప్పు పాతది, ఉడకలేదు’ అంటుంటారు. చాలాసార్లు తప్పు పప్పుది కాదు, ముందే వేసిన పులుపుది. కాయ ముక్కలను, పచ్చిమిర్చిని చిన్న గిన్నెలో రెండు చెంచాల నీళ్లతో వేసి, ఆ గిన్నెను కుక్కర్‌లో పప్పు గిన్నె మీద పెడితే రెండూ విడివిడిగా ఒకేసారి ఉడుకుతాయి.

లోపలి జీడి తీసేసి, టెంకను మాత్రం పారేయకండి, ముక్కలతో పాటే గిన్నెలో వేయండి. పప్పులో ఉడికిన టెంకను చప్పరించడానికి మా ఇంట్లో వంతులు ఉన్నాయి. సోమవారం ఒకరికి, గురువారం ఇంకొకరికి.

ఆవిరి పోయాక పప్పును పప్పుగుత్తితో మెదిపి, మామిడి ముక్కలు కలిపి, ఉప్పు వేసి రెండు పొంగులు రానివ్వండి. మధ్యాహ్నానికి పప్పు గట్టిపడుతుంది కాబట్టి ఇప్పుడు మీకు కావాల్సినదానికంటే కాస్త పలచగా ఉంచండి. పోపుకు రెండు చెంచాల నూనె కాగనిచ్చి ఆవాలు, చిటపటలాడాక జీలకర్ర, నాలుగు ఎండుమిర్చి, ఎనిమిది దంచిన వెల్లుల్లి రెబ్బలు, చివర్లో కరివేపాకు. వెల్లుల్లి అంచులు బంగారు రంగుకు రాగానే పప్పులో పోసి వెంటనే మూత పెట్టేయండి. ఆ ‘చుయ్’ మన్న పొగ లోపలే ఉండిపోవాలి.

చింతచిగురు పప్పు చేసే రోజు మామిడికాయ వద్దు. కడిగిన చిగురును చెంచాడు నూనెలో రెండు నిమిషాలు వేయించండి. ఆకుపచ్చ రంగు పోయి గోధుమరంగుకు తిరిగి, కమ్మటి పుల్లటి వాసన వస్తుంది. అప్పుడు ఉడికిన పప్పులో కలిపి అయిదు నిమిషాలు సన్నటి మంట మీద ఉంచితే చాలు. మిగతాదంతా ఒకటే.

మామిడికాయ పులిహోర

పొద్దున ఆఫీసుకు తొందరగా పోవాల్సిన రోజుకు ఇంతకంటే మంచి వంట నాకు తెలియదు. డబ్బాలోకీ ఇదే, పిల్లల మధ్యాహ్నానికీ ఇదే.

రెండు గ్లాసుల బియ్యానికి, అంటే 400 గ్రాముల దాకా, ఒక పెద్ద పుల్లటి కాయ తురుము కావాలి. అన్నం పలుకుగా రావాలి, కాబట్టి పాత బియ్యమైతే గ్లాసుకు రెండు గ్లాసులు కాకుండా కొంచెం తగ్గించి పోయండి. ఉడకగానే వెడల్పాటి తాంబాళంలో పరిచి, పసుపు, రెండు చెంచాల నూనె, ఉప్పు చల్లి ఆరనివ్వండి. వేడి మీద గరిటెతో కలియబెడితే మెతుకు విరిగి ముద్దవుతుంది, తొందరపడకండి.

మూకుడులో నాలుగు పెద్ద చెంచాల నూనె. ముందుగా గుప్పెడు పల్లీలు, అవి సగం వేగాక రెండు చెంచాల శనగపప్పు, తర్వాత చెంచా మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, చీరిన పచ్చిమిర్చి, అల్లం తురుము, చిటికెడు ఇంగువ, రెండు రెమ్మల కరివేపాకు. ఈ వరుస మార్చకండి. అన్నీ ఒకేసారి వేస్తే పల్లీలు పచ్చిగా ఉండగానే ఆవాలు మాడిపోతాయి.

ఇప్పుడు పొయ్యి ఆపేసి, ఆ వేడిలోనే మామిడి తురుము వేసి ఒక్క నిమిషం కలపండి. పచ్చిదనం పోవాలి, మెత్తబడకూడదు. దీన్ని ఆరిన అన్నంలో చేత్తో కలపండి. అప్పుడే రుచి చూస్తే పులుపు ఎక్కువైందేమో అనిపిస్తుంది. కంగారుపడి ఇంకో గ్లాసు అన్నం కలపకండి. గంట గడిచేసరికి మెతుకు ఆ పులుపును పీల్చుకుని సరిగ్గా కుదురుతుంది. పులుపూ నూనే ఉన్నాయి కాబట్టి మధ్యాహ్నం దాకా చెడిపోదు. సాయంత్రం వరకు మిగిలితే మాత్రం ఫ్రిజ్‌లో పెట్టండి.

పొయ్యి అవసరమే లేనివి

పప్పు పక్కన పచ్చిపులుసు ఉంటే తెలంగాణ ఇంట్లో ఇంకో కూర అడగరు. నిమ్మకాయంత చింతపండు పొద్దున నానబెట్టి, పులుసు తీసి ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున పొయ్యి వెలుగుతున్నప్పుడే మూడు పచ్చిమిర్చిని మంట మీద కాల్చి, ఉప్పు, జీలకర్రతో నూరి పక్కన పెట్టుకోండి. ఒంటిగంటకు రెండూ కలిపి, నీళ్లు పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర వేస్తే అయిపోయింది. పోపు ఉంటే బాగుంటుంది, లేకపోయినా పరవాలేదు.

మామిడికాయ తొక్కు ఇంకా సులువు. తురుము, ఉప్పు, కారం, దంచిన వెల్లుల్లి, కాచి చల్లార్చిన నూనె. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. ఇది ఆవకాయలా నిలవ పచ్చడి కాదు కాబట్టి కొంచెం కొంచెమే చేసుకోండి.

పెరుగన్నానికి మా అమ్మ చెప్పిన కిటుకు చెప్తాను. పెరుగు కలిపి ఉంచితే మధ్యాహ్నానికి పుల్లగా మారుతుంది. దానికి బదులు మెత్తగా వండిన ఒక గ్లాసు బియ్యపు అన్నాన్ని మెదిపి, కాచిన గోరువెచ్చటి పాలు రెండు గ్లాసులు పోసి, ఒకే ఒక్క చెంచా పెరుగు కలిపి మూత పెట్టండి. పిల్లలు వచ్చేసరికి అన్నంతో పాటే తోడుకుని కమ్మగా ఉంటుంది. ఉప్పు తినే ముందు వేసుకోవాలి. పైన దానిమ్మ గింజలో ద్రాక్షపళ్లో వేస్తే చిన్నపిల్లలు మారు అడుగుతారు.

రంజన్ నీళ్లు, మజ్జిగ

ఎండలో వచ్చిన పిల్లలు ముందు ఫ్రిజ్ తలుపు తీస్తారు. ఆ అలవాటు మా ఇంట్లో రంజన్, అంటే నీళ్లు చల్లబరిచే మట్టికుండ, పోగొట్టింది. మార్చి మొదట్లోనే రోడ్ల పక్కన కుండలు, రంజన్లు పెట్టి అమ్ముతుంటారు. వేలితో కొట్టి చూడండి, ఖంగుమని మోగాలి. మొద్దుగా శబ్దం వస్తే ఎక్కడో పగులు ఉన్నట్టు. తెచ్చాక ఒక రోజంతా నీళ్లు నింపి ఉంచి, మర్నాడు పారబోసి, మళ్లీ నింపండి. లోపల సబ్బు పెట్టి కడగకండి, మట్టి రంధ్రాల్లోకి సబ్బు పోతే నీళ్లకు వాసన వస్తుంది. కొబ్బరి పీచుతో రుద్ది కడిగితే చాలు. మూడు రోజులకోసారి మొత్తం ఒంపేసి కడగాలి.

కిటికీ దగ్గర, నీడలో, గాలి ఆడేచోట ఇసుక పళ్లెం మీద పెట్టండి. మట్టిలోంచి ఊరిన తడి గాలికి ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. మన దగ్గర ఈ నెలల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టే రంజన్ అంత బాగా పనిచేస్తుంది. మూల అల్మారాలో దాచిపెడితే మాత్రం చల్లబడదు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఇళ్లలో నీళ్లు వచ్చిన రోజే వడగట్టి నింపుకోండి.

మజ్జిగకు ఒక వంతు పెరుగు, మూడు వంతుల నీళ్లు, ఉప్పు, దంచిన అల్లం, నలిపిన కరివేపాకు. పొద్దునే చిలికి ఫ్రిజ్‌లో పెట్టేయండి. పిల్లలు రాగానే గ్లాసెడు మజ్జిగ తాగి, కాళ్లూ చేతులూ మొహం కడుక్కుని, పది నిమిషాలు ఫ్యాను కింద కూర్చున్నాకే అన్నం. ఆ పది నిమిషాల్లో బిస్కెట్ పొట్లం కంటికి కనబడకూడదు, అంతే.

వడ్డన పిల్లలకే వదిలేయండి. ఒకరు కంచాలు, ఒకరు నీళ్లు. పదో తరగతి పరీక్షలు కూడా ఈ రోజుల్లోనే ఉంటాయి. ఇంట్లో పరీక్ష రాసే పిల్ల ఉంటే భోజనం దగ్గర పేపరు ఎలా రాశావని అడగవద్దని మిగతా వాళ్లందరికీ ముందే చెప్పి ఉంచండి. నెయ్యి వేసి పక్కన కూర్చుంటే తనే చెప్తుంది.

ఉగాది వచ్చిన వారం

పండుగ మార్చి రెండో సగంలోనో ఏప్రిల్ మొదటి సగంలోనో ఈ ఒంటిపూట రోజుల నడుమే వస్తుంది. ఉగాది పచ్చడిని మన వైపు పలచగా, తాగేలా చేస్తాం. కొత్త చింతపండు నిమ్మకాయంత, లీటరు నీళ్లు, 200 గ్రాముల కొత్త బెల్లం, ఒక మామిడికాయ సన్నటి ముక్కలు, చిటికెడు ఉప్పు, కొద్దిగా కారం, ఒక గుప్పెడు పుట్నాలు. రెండు చెంచాల వేపపువ్వును మాత్రం తాగబోయే ముందే వేయండి. గంట ముందే వేస్తే కుండ మొత్తం చేదెక్కి పిల్లలు మొహం తిప్పుకుంటారు. పువ్వును పళ్లెంలో పోసి వేళ్లతో రుద్ది ఊదితే తెల్లటి రేకులు విడివడతాయి. దుమ్ము రోడ్డు పక్క చెట్టుకంటే కాలనీ లోపలి చెట్టు పువ్వు మంచిది. ఎక్కువగా దొరికితే నీడలో ఎండబెట్టి సీసాలో పోసుకోండి, వానాకాలంలో నేతిలో వేయించి చారులో వేసుకోవచ్చు.

భక్ష్యాలకు శనగపప్పు ముందు రోజు రాత్రే ఉడికించి, నీళ్లు పూర్తిగా వంచేసి, బెల్లంతో దగ్గరగా ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పండుగ పొద్దున సగం పని తగ్గుతుంది. చల్లటి పూర్ణం ఉండ చేయడానికి చేతికి అంటుకోదు కూడా.

నాలుగు ఎక్కువే చేయండి. 2025లో మార్చి 30న ఉగాది, మర్నాడే రంజాన్ పండుగ వచ్చాయి. పక్క ఫ్లాటు వాళ్లకు భక్ష్యాలు పంపిన మా స్టీలు డబ్బా మర్నాడు మధ్యాహ్నం షీర్ ఖుర్మాతో నిండి తిరిగొచ్చింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు, నేనూ తినమనలేదు.

ఏప్రిల్ చివర్లో సెలవులు ఇచ్చేస్తే పిల్లలు ఎనిమిదింటికి గానీ లేవరు, అప్పుడు ఈ పొద్దుటి వరుస మార్చుకోవాలి. అయినా పొయ్యి తొమ్మిదింటికల్లా ఆపేయడం మాత్రం మే నెలంతా నడుస్తుంది. రంజన్‌ను వెంటనే తీయకండి. జూన్‌లో వానలు పడి గాలిలో తేమ పెరిగాక నీళ్లు అంతగా చల్లబడవు. అప్పుడు కడిగి, ఎండలో రెండు రోజులు బోర్లించి ఆరబెట్టి, పాత గుడ్డ చుట్టి అటక ఎక్కించండి.